మెడదాకా పోయించిన పెట్రోలు

నేను ఇంజనీరింగు ముగించిన ఏడాది, పుంగనూరులో బాడుగ కారు నడిపే మా మేనమామ నన్ను పిలిపించారు. ఇంజను ఆపకుండా కారు నిలిపితే ఒక్కోసారి వణుకుతోంది. విప్పాల్సిందేనన్నాడు మెకానిక్కు. విప్పితే పెళ్లిళ్ల బాడుగలన్నీ పోయినట్టే.

"ఎప్పుడు వణుకుతాది మామా?"

"పెట్రోలు పోయించినంక. బండిని ఊపి ఊపి ట్యాంకు మెడదాకా పోయిస్తా గదప్పా."

పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి పెట్రోలే చేరి ఉంటుందని అనుమానించాను. అక్కడినుంచి ఇంజనుకు వెళ్లే గొట్టాన్ని వేళ్లతో నొక్కగానే వణుకు ఆగింది.

"డబ్బా మారిస్తే సాలు. ఇంక బంకులో పంపు తనంతట ఆగినకాడికే పోయించు మామా."

"కుప్పం దారిలో పెట్రోలు అయిపోతే పెండ్లోళ్లు యాడ నిలబడతారని నిండా పోయిస్తి. దానికే జబ్బు సేసిందా?"

ఆ జాగ్రత్తలో నాకు తప్పేమీ కనిపించలేదు. దారిలో ఇంజను వణకకుండా గొట్టాన్ని బిగించి కట్టి, కొత్త డబ్బా కోసం ఆయనతో కలిసి మదనపల్లెకు బయలుదేరాను.