సైలెన్సర్ బాగుపడిన ఆదివారం

పలికే నోటినీ వినే చెవినీ ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో మా నాయన పాత ట్రాక్టర్ కదిలిందంటే, చెవులు ఎందుకిచ్చావయ్యా అని ఊరంతా ఆ దేవుణ్నే అడిగేది. పొగగొట్టం మొదట్లో తుప్పుపట్టి చిల్లు పడింది, సైలెన్సర్ లోపల జల్లెడైపోయింది. అదే సమయంలో మా మేనమామ కొడుకు, నాకు బావ, కొత్త ట్రాక్టర్ కొన్నాడు. అది పిల్లిలా నడిచేది.

మా ఊరు కరణ్‌కోట దారిలో ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉన్న ఆదివారం మా చిన్న సంఘమంతా రెండు ట్రాక్టర్లలో తాండూరు గుడికి పోయేవాళ్లం. పొద్దున్నే నేను బండి తీసి గల్లీలన్నీ తిప్పేవాణ్ని. జనం బయటికొచ్చి, నన్ను చూసి తలూపి, నా వెనకే వచ్చే బావ ట్రాలీ ఎక్కేవారు, అందులోనైతే పాటలు పాడుకోవచ్చని. నా ట్రాలీలో చాపలు, నీళ్ల బిందె, చెవుడున్న ఒక తాత. అదైనా ఓర్చుకునేవాణ్నేమో గానీ, అయ్యగారు (మా పాస్టరుగారిని అలాగే అంటాం) బావ పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంటే నా కడుపు భగ్గుమనేది. పొరుగువాడి ఎద్దునూ గాడిదనూ ఆశించకూడదన్న ఆజ్ఞను చిన్నప్పుడే కంఠస్థం చేశాను. (ఆ వరసలో ట్రాక్టర్ లేదన్నదే నా ధైర్యం.)

మొదట నేనే నూనె డబ్బా రేకు కత్తిరించి చిల్లుకు చుట్టి తీగతో బిగించాను. చెరువు మలుపు దగ్గర అది రొట్టెలా గిరగిరా తిరుగుతూ ఎగిరిపోయింది. "బామ్మర్దీ, నీ బండి రొట్టెలు గూడ ఎగరేస్తదా?" అన్నాడు బావ. ట్రాలీ నిండా నవ్వు. మర్నాడే తాండూరులో మెకానిక్ చాచా దగ్గరికి తోలుకుపోయాను.

"చాచా, కొత్త సైలెన్సర్ ఎయ్యి. జర గూడ సప్పుడు రావద్దు."

"దున్నేదానికి గింత నాజూకెందుకు భై? పెండ్లిసూపులకు తోల్కపోతున్నవా?"

తుప్పు బోల్టులు కిరసనాయిలు తాగి తాగి వదిలాయి. ఒకటి విరిగి లోపలే ఉండిపోతే, దాన్ని తవ్వి తీసేసరికి సాయంత్రమైంది. కాలిపోయిన ప్యాకింగ్ మార్చి, కొత్త గొట్టం బిగించి స్టార్ట్ చేస్తే, నడుస్తోందా లేదా అని నాకే అనుమానం వచ్చింది.

మళ్లీ ప్రభువు బల్ల ఆదివారం రాగానే బండిని కడిగి, మడ్‌గార్డు మీద దుప్పటి మడిచి వేసి, గల్లీలన్నీ మెత్తగా తిప్పాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గుమ్మంలో కూర్చున్న చెవిటి తాత మాత్రం లేచొచ్చి ఎక్కాడు. నా బండి బాగుపడితే వీళ్లు ఓర్వలేకపోతున్నారు, అందరూ బావ కోసమే కాచుకున్నారు అని పళ్లు నూరుకుంటూ ఊరి చివర అయ్యగారి ఇంటి ముందు ఆగాను.

"మనోళ్లేరి నాయనా?"

"బావ బండ్ల వస్తరేమో అయ్యగారూ!"

అయ్యగారు నా పక్కన కూర్చున్నారు. పరలోకం అంతకంటే ఎత్తులో ఉంటుందని నేననుకోలేదు. కానీ ఇప్పుడు మాట వినబడుతోంది కదా, ఏ కీర్తనలు నోటికొచ్చో చెప్పమని తాండూరు దాకా వరసగా అడిగారు. రెండోదానికే తడబడ్డాను. గుడిలో మా సంఘం తరఫున ముగ్గురమే. బావ కూడా రాలేదు!

తిరిగొచ్చేసరికి ఇస్త్రీ చీరలు కట్టుకున్న ఆడవాళ్లంతా గల్లీలో నిలబడి ఉన్నారు. మా పెద్దమ్మ చీపురుతో ఎదురొచ్చింది. "నీ టాక్టర్ మొత్తుకుంటె గదరా మేము లేసేది! సప్పుడు జెయ్యకుంట దొంగోని లెక్క ఎట్ల పోయినవ్?"

బావ వేపపుల్ల నములుతూ గుమ్మంలోకి వచ్చాడు. "నేను గూడ గా సప్పుడుకే లేస్త అత్తమ్మా. జర ఫికర్ జెయ్యకు, వచ్చేసారికి హారను నేను పెట్టిస్త."

పెట్టించాడు కూడా, తన బండికే. దాంతో పిలిచేవాడూ వాడే, తీసుకుపోయేవాడూ వాడే అయ్యాడు. అయ్యగారు మళ్లీ వాడి మడ్‌గార్డు ఎక్కారు.

ఇప్పుడు బావ మా సంఘ పెద్ద. కారు కొన్నాడు. మొన్న వికారాబాద్ సభలకు అయ్యగారు ఆ కారు ముందు సీట్లో కూర్చుని పోతుంటే, నడివయసు దాటిన ఈ కడుపులో పాత మంటే లేచింది. నవ్వూ వచ్చింది. చదివేవారు ఒక్క నిమిషం కళ్లు మూసి నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మా బావకు నీవిచ్చిన ప్రతి ఈవి కోసం స్తోత్రం. ఈ మాట ఇప్పటికి నా పెదవుల దాకా వచ్చింది. మిగతా దూరం నీవే నడిపించు. ఆమేన్.