రౌతు మోకాళ్లు

మా డ్రాయింగ్ సార్ పోయారు. మహబూబాబాద్ స్టేషన్‌లో జనగామ రైలు కోసం నిలబడి ఉండగా ఆయన భార్య ఫోన్ చేసింది. ఆవిడను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "సార్ ఇగ లేడు బిడ్డా. చాయ్ పెట్టుకొచ్చేసరికి కుర్చీలనే వాలిపోయి ఉన్నడు. నీ బొమ్మల పుస్తకం గట్లనే బల్ల మీదున్నది" అంది. ఆయన వేస్తున్న ఆ పుస్తకంలో చివరి పేజీ అయ్యిందా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అలాంటి వేళ అలాంటి మాట తోచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బడిలో మాకు బొమ్మలు నేర్పింది ఆయనే. క్లాసులో రబ్బరు కనబడితే లాక్కునేవారు. "తప్పు గీసినవా, ఉండనియ్యి. దాని పక్కనే మంచిగ గియ్యి. రెండూ కనబడాలె" అనేవారు. ఆయన దగ్గర కూడా ఏనాడూ రబ్బరు చూడలేదు.

ఎక్కడో దూరదేశపు మధ్యయుగాల కథ ఒకటి నేను తెలుగులోకి తెచ్చాను. హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త దాన్ని గ్రాఫిక్ నవలగా వేస్తానన్నాడు. ఒక కమ్మరి కొడుకు నిప్పులు కక్కే మహాసర్పాన్ని చంపి, రాజుగారి కొలువులో గుర్రమెక్కే వీరుడు, రౌతు అవుతాడు. ఆ కాలంలో రౌతు కావడమంటే పెద్ద గౌరవం. బొమ్మలకు సార్ తప్ప నాకు ఇంకెవరూ గుర్తుకు రాలేదు. కోట కావాలంటే మా దగ్గరున్న జఫర్‌గఢ్ కోట వేశారు. మహాసర్పానికి పక్కింటి బర్రె కళ్లు పెట్టారు. ఇదేంటి సార్ అని నవ్వితే, "బర్రెకు కోపమొస్తె సూసినవా ఎప్పుడన్న?" అన్నారు.

చివరి పేజీ దగ్గర పని ఆగిపోయింది. అక్కడ కమ్మరి కొడుకు మోకాళ్ల మీద కూర్చుంటాడు, రాజు కత్తిని అతని భుజానికి తాకించి రౌతును చేస్తాడు. సార్ కుంచె పక్కన పెట్టేశారు.

"మా బాపు దొర ఉండే గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని గట్లనే వంగుతుండె. నేను పక్కనే ఉన్న. పామును సంపినోడు గూడ వంగుడేనా? నా చేతికి గది రాదు బిడ్డా."

"అది వాళ్ల మర్యాద సార్. అవమానం కాదు."

"ఏ దేశమైతేంది, మోకాళ్లు మోకాళ్లే గద."

ఆ మాటే ప్రచురణకర్తకు ఫోన్‌లో చెప్పాను. అతను ఒప్పుకోలేదు. కథకు ప్రాణం ఆ ఘట్టమేనట. సార్ వేయకపోతే ఆ పేజీ వేరేవాళ్లతో వేయిస్తాడట, కాదంటే పుస్తకమే ఆపేస్తాడట. సంగతి సార్‌కు చెప్పాను. పక్కన పెట్టిన కుంచె మళ్లీ అందుకుని, "నీ పుస్తకం ఆగొద్దు. జర సూస్త తియ్యి" అన్నారు.

ఆయన్ని సాగనంపి వచ్చాక అమ్మ నన్ను సార్ బొమ్మలు వేసే గదిలోకి తీసుకెళ్లింది. బల్ల మీద పేజీ ఉంది. రాజు ఉన్నాడు, కత్తి ఉంది, కమ్మరి కొడుకు ముఖం ఎంత బాగా వచ్చిందో. నడుము కింద మాత్రం కాగితం నల్లబడి, పొరలు లేచిపోయి ఉంది. పక్కన సగం అరిగిన రబ్బరు.

"ఎండల వోయి కొనుక్కొచ్చుకున్నడు" అంది అమ్మ. "గీసుడు, తుడుసుడు. మళ్ల గీసుడు. ఎందుకయ్యా గీ పరేషాన్ అంటె, పిల్ల పుస్తకం ఆగిపోతదే అంటుండె."

రబ్బరు ముట్టని మనిషి నా కోసం దాన్ని పట్టుకున్నారు. పట్టుకుని కూడా ఆ మోకాళ్లను వంచలేకపోయారు. ఆ పేజీని ఇంకొకరి చేతికివ్వను, ఉన్నది ఉన్నట్టే అచ్చు వేయండి, లేకపోతే పుస్తకమే వద్దని ప్రచురణకర్తకు చెప్పేశాను. ఇంతవరకు జవాబు లేదు. సార్ ఆఖరి పని వెలుగు చూస్తుందో లేదో తెలియదు. నిద్ర సరిగా పట్టడం లేదు.

ఆ రోజు పేజీని రెండు చేతులతో ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. మోకాళ్లు ఉండాల్సిన చోట కాగితం అరిగి చిల్లు పడింది. అందులోంచి కిటికీ అవతల, గడప ముందు నేల మీద సార్ చెప్పులు కనిపించాయి.