తమకు రెండు, పక్కింటికి అయిదు

నా రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేరుశనగ పీకే రోజుల్లో, ఒక మనస్తత్వ పరిశోధన సర్వేకు నన్ను వనపర్తిలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారో జనం నోటనే చెప్పించి, ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేసుకోవాలి. ఒకటంటే బొత్తిగా తృప్తి లేదు, అయిదంటే నిండా తృప్తి.

ఆత్మకూరు దగ్గరి ఒక ఊరి ఫారాలు మా ఇన్వెస్టిగేటర్ షబానా తెచ్చింది. చూడగానే నాకు ఒళ్లు మండింది. దాదాపు అన్నిట్లోనూ రెండే! ఇలా వచ్చాయంటే ఇంట్లో కూర్చుని నింపారని మా అనుమానం. రుజువైతే ఉద్యోగం పోతుంది, ఆమెకు అదే మొదటి ఉద్యోగం. నేను నానా మాటలూ అన్నాను. ఆ అమ్మాయి బెదరలేదు.

"నేను ప్రతి ఇంటికి పోయిన సార్. కావాలంటే మీరే వచ్చి అడుగుండ్రి," అంది.

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని బ్యాక్ చెక్‌కు వెళ్లాను. అంటే అవే ఇళ్లు, అవే ప్రశ్నలు, అడిగే మనిషి మాత్రం వేరు. మొదటి ఇల్లు బాలమ్మ అనే పెద్దావిడది. వాకిట్లో వేరుశనగ కుప్ప, ఒళ్లో బొద్దుగా మనవరాలు, లోపల కోడళ్ల నవ్వులు. నా ప్రశ్న వినగానే ఆమె ముఖం వేలాడేసి, ఏదో నడుస్తుంది, రెండేసుకోమంది. ఇంత పంట, ఇంత ముద్దులమూట పెట్టుకుని రెండేమిటమ్మా అన్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు కాగితంల రాస్తుంటివి. మస్తుగున్నమంటే బిడ్డకు దిష్టి తగల్దా?"

మరి పక్కింటివాళ్లో అన్నాను.

"వాళ్లకేంది సారు, మారాజులు. ఐదెయ్యి," అంది ఠక్కున.

పక్కింటికి వెళ్తే తమకు రెండన్నారు, బాలమ్మకు అయిదన్నారు! మూడో ఇంటికల్లా షబానా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకూ నవ్వాగలేదు. ఏ ఇంటికి పోయినా అదే వరస. నా సర్వీసులో అంత హాయిగా గడిచిన తనిఖీ ఇంకొకటి లేదు.

ఆ వీధిలోనే షబానాకు క్షమాపణ చెప్పాను. ఫారాలు నిజమైనవేనని సంతకం చేసి, పక్కింటివారి గురించి కూడా అడగాలని పైవాళ్లకు రాశాను. ఆమె ఉద్యోగం నిలిచింది. పక్కింటి మాట పూర్తి నిజమని కాదు, అసూయ కూడా ఒక అంకె పెంచుతుంది. కానీ మనిషి తన గురించి చెప్పిన జవాబును తూచే ముందు, నిజం చెబితే తనకేం నష్టమని భయపడుతున్నాడో తెలుసుకోవాలి. ఆ రోజు నేను అనుమానించాల్సింది ప్రశ్నను. అనుమానించింది అమ్మాయిని.