ఉమాశ్రీ ఏరిపారేసిన భూకంపాలు

ఉమాశ్రీకి భూకంపమంటే భయం. అంత భయమున్న మనిషి ఏ బ్యాంకులోనో చేరక, ఏరికోరి భూకంపాల ఉద్యోగమే చూసుకుంది. ఒంగోలులో చిన్నప్పుడొక రాత్రి, భోజనాలవేళ, అలమరలో గిన్నెలు వాటంతటవే గలగలమన్నాయి. వాళ్లమ్మ పిల్లను చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది. ఇప్పుడు మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని, కొత్త టవర్ల కింద నేల ఎంత ఊగవచ్చో లెక్కకట్టడం ఆమె పని.

తెల్లాపూర్‌లో కట్టబోయే నలభై అంతస్తుల అపార్టుమెంటుకూ ఆమే లెక్కకట్టింది. దానికి చుట్టుపక్కల, ఒంగోలు దాకా, వెనకటి భూకంపాల పట్టిక కావాలి. అలాంటివి మూడు దొరికాయి. ఒకదానిలో పెద్దవి మాత్రమే ఉన్నాయి. ఇంకోదానిలో చాలా ఏళ్లు ఖాళీ. మూడోది నిండుగా ఉంది గానీ, క్వారీల్లో బండలు పేల్చినప్పటి అదుర్లు కూడా అందులో భూకంపాలుగా చేరిపోయాయి. పేల్చేది పగలే కదా అని, మూడోదాన్నే తీసుకుని పగటివన్నీ ఏరిపారేసింది. రిపోర్టు కట్టేవాళ్లకు వెళ్లిపోయింది. రేపు పునాదిలో కాంక్రీటు పోస్తున్నారు.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ, పక్క సీటు రోహిత్‌కి తన చిన్ననాటి భూకంపం చూపిద్దామని, తను ఏరి ఉంచిన పట్టిక తెరిచింది. అది లేదు. రోహిత్ నవ్వి, కలగన్నావేమో అన్నాడు. మిగతా రెండింటిలోనూ వెతికింది. రెండింటిలోనూ ఉంది.

అప్పుడు చూసింది, మూడో పట్టికలో వేళలు మనవి కావు, మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే గ్రీన్‌విచ్‌వి. మన రాత్రి భోజనాలవేళ అక్కడ పట్టపగలు. క్వారీ పేలుళ్లనుకుని ఆమె తీసేసినవాటిలో ఎన్నో నిజమైన భూకంపాలు. పొద్దుటి పేలుళ్లేమో తెల్లవారుజాము భూకంపాల్లా దర్జాగా మిగిలిపోయాయి. పెద్ద కుదుపులు పోయేసరికి, ఆ టవరు కింద నేల మహా నెమ్మదస్తురాలని లెక్క తేలింది.

రామ్మోహనరావుగారి గదికి వెళ్లి, తడబడుతూనే అంతా చెప్పేసింది. ఆయన చెడ్డవాడు కాదు, విసిగిపోయిన పెద్దాఫీసరు. హైదరాబాదు బండరాయి మీదుందని, ఇక్కడ ఏదీ కదలదని, ఇప్పుడు ఆపితే కట్టేవాళ్లు మళ్లీ మన గడప తొక్కరని నచ్చజెప్పాడు.

"ఎవరికీ తెలియదమ్మా," అన్నాడు చివరికి.

ఆమెకు వణుకు పుట్టించింది ఆ మాటే. ఆ ఇళ్లలో పిల్లాజెల్లా చేరాక, ఏదో ఒకనాడు అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

"నాకు తెలుసండి," అంది. "కాంక్రీటు ఆపించండి సార్."

ఆయన ఫోనందుకున్నాడు. సైటులో వాళ్ల చేత చీవాట్లు తిన్నాడు గానీ, పని మాత్రం ఆపించాడు. ఫోను పెట్టేసి కుర్చీ చూపించాడు.

"కూర్చో. మూడున్నాయంటున్నావుగా. ఈసారి దేన్ని నమ్మమంటావు?"

ఉమాశ్రీ కూర్చుంది. పోయినసారి మూడోదాన్ని నమ్మినప్పుడు ఆమెకు పిసరంత అనుమానం కూడా లేదు.