ఒడిబియ్యం పోసిన చేతులు

మా అమ్మ సమ్మమ్మ ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసేది. పని దిగగానే చేతులకు నూనె రుద్దుకొని, ఆపైన సబ్బుతో గోళ్ల సందుల దాకా కడుక్కునేది. అలా కడగకుండా మమ్మల్ని ఎన్నడూ ముట్టలేదు. "ఈ మంట నాతోటే పోవాలె బిడ్డా," అనేది.

మొన్నటి ఎండాకాలం, రఘునాథపల్లిలో ఉన్న అమ్మ తమ్ముడు, మా మామ వెంకట్రాజం ఆమెను ఒడిబియ్యం పోస్తానని పిలిచాడు. పుట్టింటి పిలుపంటే అమ్మ కాళ్లు నేల మీద నిలవవు. ఇద్దరం వెళ్లాం. అక్కడ మామ భార్య ప్రేమలత అత్తను చూసి అమ్మ ఆగిపోయింది.

"ఏమైందే ప్రేమా, మొకం గట్ల గుంజుకపోయింది?"

అత్త మామ వైపు చూసింది.

"నిద్ర లేదక్కా, పనాయె," అన్నాడు మామ.

అత్తే వండింది. అమ్మకు అత్తే పెరుగన్నం కలిపి పెట్టింది. పసుపు కలిపిన బియ్యం అమ్మ ఒడిలో పోసిందీ ఆ చేతులే.

ఇంటికి తిరిగొచ్చాం. మరునాడు సాయంత్రం అమ్మకు ఉన్నట్టుండి వాంతులు, వెంటనే నీళ్ల విరేచనాలు. ఫోన్ చేస్తే మామ నవ్వాడు. "ఎండదెబ్బ గదనే పిల్లా! ఉల్లిగడ్డ నూరి అరికాళ్లకు పెట్టు. జర పండుకుంటే సర్దుకుంటది, ఫికర్ జెయ్యకు."

నమ్మాం. తాగిందంతా కక్కుతున్నానని అమ్మ నీళ్లే మానేసింది. షుగరుతో అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్న మనిషి. దవాఖానకు చేర్చేసరికి నాలుక ఎండి, కళ్లు లోతుకుపోయి, మూత్రం ఆగిపోయింది.

"ఈమె తిన్న ఇంట్లో ఎవరికైనా వాంతులయ్యాయా?" డాక్టరమ్మ అడిగింది.

"లేదు మేడం," అన్నాడు, కబురంది అత్తతో వచ్చి మంచం పక్కన నిలబడిన మామ.

అత్తకు ఏడుపు ఆగలేదు. "అయినయ్ మేడం. పిల్లలకైనయ్, నాకైనయ్. తగ్గిన తెల్లారే నేను వండిన. పిలిచినంక ఒడిబియ్యం ఆపితే కీడని ఈయనన్నడు."

ఇది కడుపులో చేరే వైరస్, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది అని చెప్పింది డాక్టరమ్మ. తగ్గాక కూడా రెండు రోజులు వంట ముట్టకూడదట. శానిటైజర్ చాలదు, సబ్బుతో రుద్ది కడగాలి. కక్కిన చోట బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. మొదటి వాంతి నుంచే ఓఆర్ఎస్ గుక్క గుక్కగా పట్టించాల్సిందట. అప్పటికి మాకు మిగిలింది సెలైన్ సీసా.

అమ్మ కళ్లు తెరిచి తమ్ముణ్ని చూసింది.

"మిరపకాయ నయంరా తమ్మీ. ముట్టంగనే చెప్తది."

ఆమె మళ్లీ అతనితో మాట్లాడలేదు. దవాఖాన నుంచి ప్రాణంతో ఇంటికీ రాలేదు.

అమ్మ పదో దినం నాడు మామ వంటపందిట్లోకి వచ్చి, నా చేతిలోని గరిటె అందుకోబోయాడు.

"మామా, మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు బిడ్డా."

నిజమే కావచ్చు. గరిటె ఇవ్వలేదు.