పాతర మీద కట్టిన దిమ్మె

ఇది చెప్పకుండానే పోతాననుకున్నాను. ఇన్నేళ్లు ఈ బరువు మోసుకుంటూనే తిరిగాను. అన్నం తింటున్నా ఉంటుంది, నవ్వుతున్నా ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఓపిక ఉంటే వినండి. జాలి మాత్రం పడకండి. జాలి అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను మేస్త్రిని. దేవరుప్పుల దగ్గర మా ఊరు. అరవైతొమ్మిదిలో, ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, మా ఊరి పటేల్ తన ఇంటి ముందు దర్వాజ, అంటే ద్వారబంధం, మార్పించాలనుకున్నాడు. పాతదాని అడుగు చెదలు తినేసింది. కొత్తది టేకుతో, పాతదానికంటే వెడల్పుగా, మా ఊరి వడ్రంగి వడ్ల వీరాచారి చేశాడు. అంత వెడల్పు ఖాళీకి మట్టిగోడ ఆగదు. పాత దర్వాజ పీకి, పైగోడ కూలకుండా గుంజలు మోపి, రెండు పక్కలా గట్టి నేల దాకా తవ్వి ఇటుక దిమ్మెలు కట్టాలి. వాటి మీద రాతిబండ ఎక్కించాలి. గోడ బరువు బండ మీద, బండ బరువు దిమ్మెల మీద. నడుమ నిలబడ్డ దర్వాజ మోసేది ఏమీ ఉండదు. ఇది ఏ మేస్త్రికైనా తెలుసు. నాకూ తెలుసు.

బందుల వల్ల జనగామ నుంచి ఇటుక, సున్నం రావడం ఆలస్యమైంది. ముహూర్తం ఆగదు కదా! కుడి దిమ్మె సరిగ్గానే లేపాను. ఎడమ పక్క తవ్వుతుంటే గడ్డపార జర్రున దిగిపోయింది. కింద పాతర ఉంది. వెనకటి వాళ్లు జొన్నలు దాచుకున్న గొయ్యి, ఎప్పుడో చెత్త, మన్ను పోసి పూడ్చేశారు. ఆ మన్నంతా తీసి అడుగు నుంచి రాయి నింపుకుంటూ రావాలి. తెల్లారితే ముహూర్తం. పటేల్‌తో చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తిడతాడని భయం. పని రానోడని నలుగురిలో అంటాడని భయం. పాతర మీద ఒక బండ పరిచి, దాని మీదే దిమ్మె కట్టేశాను.

ముహూర్తం దాటాక ఏదో వంకతో విప్పి సరిచేద్దామనుకున్నాను. ఎంత తెలివి నాది! ఆ దిమ్మె విప్పాలంటే దర్వాజ దించాలి. పసుపు రాసి, బొట్లు పెట్టి, నవధాన్యాలు వేసి నిలబెట్టిన దర్వాజను మా దగ్గర ఎవరైనా దించనిస్తారా? ఇంటికి కీడని కొట్టడానికి వస్తారు. నాకు తెలియదా? తెలుసు. తెలిసే నన్ను నేను మోసం చేసుకున్నాను.

ఆ వానాకాలం పాతరలోకి నీళ్లు దిగాయి. దిమ్మె కుంగింది, పైబండ జారింది, గోడ కూలింది. అప్పుడే బయటికి వస్తున్న పటేల్ భార్య కాలు నలిగిపోయింది. ఆమె మళ్లీ కర్ర లేకుండా నడవలేదు.

ఊరంతా మూగింది. పటేల్ నా వైపు చూశాడు. నేను అన్నాను, దర్వాజ ఆయం తప్పిందని. దర్వాజ పొడవు వెడల్పులకు ఒక లెక్క ఉంటుంది, దాన్నే ఆయం అంటారు. అది తప్పితే ఇంటికి అరిష్టమని నమ్మకం. అంతే, ఇక ఎవరూ వేరే మాట వినలేదు. కుంగిన దిమ్మె కళ్ల ముందే ఉంది. దాని కింద ఏముందో చూద్దామని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు పార పట్టలేదు. వీరాచారి తన కొలకర్ర పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి పోయి లెక్క చెబుతుంటే, ముహూర్తం పెట్టిన పంతులు కూడా మొహం తిప్పుకున్నాడు. వాళ్లందరి మీద నాకు ఇప్పటికీ కోపం. వాళ్లకు ఆ అబద్ధం అందించింది నేనేనని గుర్తొచ్చినప్పుడు ఆ కోపం ఎక్కడికి పోవాలి?

తర్వాత వీరాచారి చేత ఎవరూ తలుపు చేయించలేదు. నాగళ్లు కూడా పక్క ఊరికి పట్టుకుపోయారు. అతను పెళ్లాం పిల్లలతో భూపాలపల్లి వైపు వెళ్లిపోయాడు. నాకు మాత్రం పనికి కొదవ లేదు.

పటేల్ భార్య కాలు విరగాలని నేను కోరుకోలేదు. అది నా పిరికితనం వల్ల జరిగింది, దానికి ఏడ్చాను కూడా. కానీ అబద్ధం అలా జరిగింది కాదు. నోరు తెరిచి, నా తోటి పనివాడి మొహం చూస్తూ ఆడాను.

ఎనభైల్లో బొగ్గుగని క్వార్టర్లు కట్టే పనికి నేనూ భూపాలపల్లి పోయాను. కట్టెకోత మిల్లు ముందు కూర్చుని వీరాచారి మంచం కోళ్లు చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, చాయ్ తెప్పించాడు. దానికే నేను సగం చచ్చాను.

“దర్వాజలు చేస్తలేవా వీరన్నా?” అన్నాను.

“లేదు మేస్త్రీ. గప్పటిసంది దర్వాజ ముట్టలే.”

“ఎందుకు?”

“భయమైతది. ఎన్నిసార్లు లెక్కేసినా ఆయం కుదురుతనే ఉంటది. గని గంత మంది తప్పన్నంక, నాకు తెల్వకుంటనే ఏదో తప్పు చేసిన్నేమో. పటేలమ్మ కాలు యాదికొస్తది. మల్ల గట్లయితే ఎట్ల?”

నా మీద అనుమానం లేదు. తన మీదే. ఊరు నమ్మిన అబద్ధాన్ని చివరికి అతను కూడా నమ్మాడు! అప్పుడు చెప్పాలి. పక్కన ఎవరూ లేరు, నన్ను తిట్టే పటేల్ లేడు, పోయే పరువు కూడా లేదు. చాయ్ తాగేశాను. పిల్లలు మంచిగున్నారా అని అడిగాను. లేచి వచ్చేశాను. ఛీ, అంతకంటే నీచం ఇంకేముంటుంది?

మళ్లీ అటు వెళ్లేసరికి అతను పోయాడన్నారు. చివరిదాకా మంచాలే చేశాడట.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కున్నవాడు మట్టిలో కలిశాడు. చెప్పాను కాబట్టి బరువు కాస్త తగ్గింది, అంతే. అతని ముందు అనాల్సిన మాట ఇప్పుడు పైకే అంటున్నాను, ఎవరు విన్నా సరే.

వీరన్నా, నీ లెక్కల తప్పు లేకుండె. కూలింది నేను కట్టిన దిమ్మె.