ఒళ్ళు నొప్పుల గోలీ

మా కుక్క చిగుళ్ళు తెల్లబడ్డాయని మొదట గమనించింది నేనే. మిరపతోటలోకి కోతులు దిగినా అది పడుకున్న చోటు నుంచి లేవలేదు. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు సుద్దముక్కలా ఉన్నాయి, కళ్ళలో పసుపు. ములకలపల్లి దాటాక అడవికి ఆనుకొని ఉన్న ఊరు మాది. తోటకు కాపలా అంటే ఆ కుక్కే. పందుల్ని తరుముతూ అడవిలోకి పోయి, రక్తం పీల్చే గోమార్లను ఒళ్ళంతా పట్టించుకొని వచ్చేది.

ట్రాలీ ఆటో మాట్లాడుకొని చండ్రుగొండ, తల్లాడ మీదుగా ఖమ్మం తీసుకుపోయాం. దారిలో నా భర్త గొణుగుతూనే ఉన్నాడు.

“నాకు జరమొస్తే ఊళ్ళె ఆర్‌ఎంపీ. కుక్కకేమో ఖమ్మం డాక్టరు. వచ్చే జన్మల నేను గూడ నీ కుక్కనై పుడ్త.”

“ఇప్పుడేమన్న తక్కువ మొరుగుతున్నవా?” అన్నాను.

నవ్వాడు గానీ, దాని తల తన తొడ మీదే పెట్టుకొని కూర్చున్నాడు.

పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేసి, గోమార్ల జ్వరం తర్వాత దాని ఒంట్లోని రక్షణ శక్తి దారి తప్పి సొంత ఎర్ర రక్తకణాలనే చంపుతున్నదని చెప్పారు. నేను ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. కానీ మండలంలోని గ్రంథాలయంలో వైద్యం మీద, పశుపోషణ మీద ఉన్న పుస్తకాల్లో నేను తెరవనిది లేదు. “అయితే ఆ శక్తిని అణిచే మందు ఇయ్యాలె గద సార్? స్టెరాయిడా?” అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసి, అప్పటినుంచి ప్రతి మాటా నాతోనే చెప్పారు. కడుపులో తిండి పడ్డాకే స్టెరాయిడ్ గోలీ వేయాలి. కుక్క ఎంత హుషారుగా ఉన్నా మనంతట మనం ఆపకూడదు, పరీక్ష చేసి ఆయన చెప్పినప్పుడే కొంచెం కొంచెంగా తగ్గించాలి. దానికి తోడు రాసిన రెండో మందును వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఒంట్లో కాపలా తగ్గుతుంది కాబట్టి చిన్న పుండయినా, జ్వరమైనా వెంటనే ఫోన్ చేయాలి. ఆయన్ను అడగకుండా టీకా గానీ వేరే మందు గానీ ఇవ్వకూడదు.

ఇంటికొచ్చి ఇవన్నీ మా అత్తకు పూస గుచ్చినట్టు చెప్పాను. పగలు నేను కూలీలతో తోటలో ఉంటే ఇంటి దగ్గర కుక్కను చూసేది ఆమే.

“డాక్టరమ్మా, నీ కుక్క బిందెడు నీళ్ళు తాగి వాకిలంత ఉచ్చ పోస్తున్నది” అనేది ఆమె కొన్నాళ్ళకు.

“అది మందు గుణం అత్తమ్మా. ఆకలి గూడ గట్లనే ఎక్కువైతది. వేరే మందు మాత్రం ఒక్కటి గూడ పెట్టొద్దు.”

“నేనెందుకు పెడ్త పిల్లా? మందుల సంగతి నాకేమెర్క?”

చిగుళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. కోతులను చూసి మొరిగింది. అప్పుడే ఒక తెల్లవారుజామున పంది వెంట పడి, వెనక కాలు ఎత్తుకొని కుంటుతూ వచ్చింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, కట్టేసి ఉంచండి, కదలనివ్వొద్దు, వాపు తగ్గకపోతే తీసుకురండి అన్నారు. కట్టేసి తోటకు పోయాను. పగలంతా అది మూలుగుతూ ఉండేదట.

నాలుగైదు రోజులకు ముద్ద ముట్టడం మానేసింది. చిగుళ్ళు మళ్ళీ తెల్లగా పాలిపోయాయి. రోగం తిరగబెట్టిందనుకొని ఫోన్ చేశాను. ఆయన ముందుగా దాని మలం రంగు అడిగారు. పెరట్లోకి పోయి చూశాను. తారులా నల్లగా, జిగటగా ఉంది. వాసన భరించలేకపోయాను.

“నొప్పి గోలీ ఏమైనా వేశారా?”

“లేదు సార్, ఏ మందూ వెయ్యలే.”

గడపలో నిలబడ్డ అత్త అన్నది: “మందు గాదు, సెట్టు గోలీ పెట్టిన. బెల్లంల పెడితే గుటుక్కున మింగింది. పొద్దొకటి, మాపొకటి. పాపం కాలు నొస్తున్నదని.”

మిరప కోతలప్పుడు మా దగ్గర సెట్టు వేసుకోని ఆడమనిషి అరుదు. నొప్పుల గోలీ, చిన్న తెల్ల గోలీ, గ్యాస్ గోలీ కలిపి కాగితంలో చుట్టి ఇస్తారు. పొద్దున చాయ్‌తో వేసుకొని వంగితే సాయంత్రం దాకా నడుము గుర్తుకు రాదు. తమలపాకులాగా పక్కవాళ్ళకూ ఒకటి ఇస్తారు. మా అత్త కోతలకు పోవడం మానినా దీన్ని మాత్రం మానలేదు. దాన్ని మందని ఎవరూ అనరు. మందంటే జబ్బు చేసినప్పుడు వేసుకునేది. ఇది పనికి పోవడానికి వేసుకునేది. ఆ చిన్న తెల్లది కూడా స్టెరాయిడేనని డాక్టరు ఫోన్లో చెప్పారు. దానికి నొప్పుల గోలీ తోడైతే పేగు లోపల పుండుపడి రక్తం కారుతుందట.

ఖమ్మం చేరేసరికి దాని చెవులు చల్లబడ్డాయి. సెలైన్ పెట్టారు, ఇంజెక్షన్లు చేశారు. డాక్టరు నన్ను బయటికి పిలిచి దాచకుండా చెప్పారు. మన మందు పూర్తిగా ఆపేస్తే దాని ఒళ్ళు మళ్ళీ దాని రక్తాన్నే చంపుతుంది. ఆపకపోతే కడుపులో పుండు మానదు. తగ్గించి చూద్దాం అన్నారు. రక్తం ఎక్కించడానికి ఇంకో కుక్క కావాలన్నారు. నా భర్త తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. కొందరు నవ్వి పెట్టేశారు. ఒకాయన తీసుకొస్తానని బయల్దేరాడు. ఆయన వచ్చేలోపే అది పోయింది.

తోట గట్టు మీద పూడ్చాం. అత్త గుంట పక్కనే చతికిలబడింది.

“నువ్వు చదివినదానివి. నిజం చెప్పు పిల్లా. నా గోలీతోనే పోయిందా?”

రోగమే తీసుకుపోయిందనడం తేలిక. ఆమె మొహం చూశాను. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. వయసు వల్ల ఒళ్ళు చేసిందనుకున్నాం ఇన్నాళ్ళూ, స్టెరాయిడ్ ఉబ్బని తోచలేదు. అబద్ధం చెబితే రేపు పొద్దున మళ్ళీ చాయ్‌తో అదే వేసుకుంటుంది.

“అవ్ అత్తమ్మా. నొప్పుల గోలీ, తెల్ల గోలీ రెండూ కలిసి పేగుల పుండు చేసినయి. నువ్వు రోజూ వేసుకునేది గూడ గదే. నీ కడుపుల గూడ అయితది. రేపు పెద్ద దవాఖానకు పోదాం. అప్పటిదాక నీయంతట నువ్వు ఒకటేసారి బంద్ పెట్టకు, అది గూడ ప్రమాదమే.”

“వేసుకున్నా ప్రమాదమే, మానినా ప్రమాదమేనా?” అన్నది ఆమె, గుంట మీది మట్టిని చేత్తో సర్దుతూ.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అడిగింది:

“కాలు నొప్పన్న తగ్గిందా దానికి?”

“తగ్గింది” అన్నాను. ఆ మాట నిజమే. గోలీ పెట్టిన రెండో రోజు నుంచే అది నాలుగు కాళ్ళ మీద నడిచింది.